పారిశ్రామిక కట్టడాల స్థిరీకరణ: ఐరన్ బ్రిడ్జ్ - ఒక విమర్శనాత్మక పరిశీలన

పాత పారిశ్రామిక కట్టడం కూలిపోకుండా చూడటం ఇంజనీరు పని, దాని అర్థాన్ని వివరించడం చరిత్రకారుని పని అనే విభజన పరిరక్షణ చర్చల్లో తరచు కనిపిస్తుంది. ఇంగ్లండులో సెవెర్న్ నదిపైనున్న ఐరన్ బ్రిడ్జ్ చరిత్రను పరిశీలిస్తే ఈ విభజన నిలవదు.

1779లో రూపుదిద్దుకొన్న ఈ కట్టడం పోత ఇనుముతో నిర్మించిన తొలి పెద్ద వంతెన. వడ్రంగులు కొయ్యను కూర్చినట్లే దీని భాగాలను బెజ్జం, కుసి పద్ధతిలో అతికారు. పోత ఇనుము ఒత్తిడిని తట్టుకొంటుంది. లాగుడుకు మాత్రం పెళుసుగా విరుగుతుంది. ఇరువైపుల నేల నదివైపు జరగడంతో కమాను ఆధారాలు లోపలికి నెట్టుకు వచ్చాయి; ఇనుము పగుళ్లిచ్చింది. అంటే వ్యాధి కనిపించింది ఇనుములో, దాని మూలం నేలలో. అందుకే 1970లలో నదీగర్భంలో కాంక్రీటు నిర్మాణాన్ని అమర్చి గట్లు దగ్గర కాకుండా ఆపారు.

ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ 2018లో పూర్తిచేసిన పనులలో పాత రంగుపొరలను పరీక్షించి, వంతెనకు తొలినాటి ముదురు ఎరుపు-గోధుమ వర్ణాన్ని తిరిగి ఇచ్చారు. కాని 19వ శతాబ్దిలో చేర్చిన పక్క కమానులను, పాత మరమ్మతు పట్టీలను అలాగే ఉంచారు. రంగు విషయంలో 18వ శతాబ్ది ప్రమాణమైతే, నిర్మాణం విషయంలో మొత్తం జీవితకాలం ప్రమాణమైంది. ఈ వైరుధ్యాన్ని సమర్థించవచ్చు: రంగును మళ్లీ మార్చవచ్చు, తీసివేసిన మరమ్మతు తిరిగి రాదు. అయితే నదీగర్భంలోని కాంక్రీటును కూడా తొలగించడం సాధ్యం కాదు. అది లేకుంటే పరిరక్షించడానికి వంతెనే మిగలదు. కాబట్టి స్థిరీకరణ తటస్థమైన సాంకేతిక చర్య కాదు. ఏ కాలాన్ని నిలపాలో, దేనిని వదులుకోవాలో తేల్చే చారిత్రక నిర్ణయం.

తెలుగునాట ఈ చర్చకు ఆధారం కాగలది రాజమహేంద్రవరంలోని హేవ్‌లాక్ వంతెన. 1900లో ప్రారంభమై, 56 ఖానాలతో గోదావరిని దాటించిన ఈ రైలు వంతెన 1997లో సేవ ముగించింది. దీనివి రాతి స్తంభాలు, ఉక్కు గర్డర్లు. పోత ఇనుముకు చేసిన చికిత్స దీనికి వర్తించదు. వర్తించేది పద్ధతి: ముందు వ్యాధి నిర్ధారణ, తర్వాత ఏ చరిత్రను నిలపాలన్న స్పష్టత, ఆపైనే దీపాలంకరణ, విహారమార్గం. ఈ క్రమం తలకిందులైతే మిగిలేది అలంకృతమైన శిథిలమే.