అమ్మమ్మను ఏ భాషలో తలచుకోవాలి?

ఈసారి మేము పరిచయం చేస్తున్నది పిల్లల బొమ్మల పుస్తకం. తెలుగుది కాదు. అయినా సరిహద్దుకు ఇవతల తెలుగు చదువుకుంటున్న మన విద్యార్థులకు ఇది పనికివచ్చే పుస్తకమని మా నమ్మకం. ఏమీ లీ-టై రాసిన 'ఎ ప్లేస్ వేర్ సన్‌ఫ్లవర్స్ గ్రో' 2006లో అమెరికాలో వెలువడింది. బొమ్మలు వేసినది ఫెలీషియా హోషినో. ఇంగ్లీషూ జపనీసూ రెండూ ఒకే పుస్తకంలో పక్కపక్కన సాగుతాయి.

రచయిత్రి తన అమ్మమ్మ జీవితాన్ని ఆధారం చేసుకుని అల్లిన కథ ఇది. ఆ అమ్మమ్మ హిసాకో హిబి. 1907లో జపానులో పుట్టి, 1920లో అమెరికా చేరింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చిత్రకళ నేర్చి, తోటి చిత్రకారుడు మత్సుసబురో హిబిని 1930లో పెళ్ళాడింది. 1942 ఫిబ్రవరిలో వెలువడిన అధ్యక్షుని ఉత్తర్వు మూలంగా పడమటి తీరంలోని జపనీయులు, వారి సంతతి దాదాపు లక్షా ఇరవై వేలమంది నిర్బంధ శిబిరాల పాలయ్యారు. హిబి కుటుంబాన్ని మొదట టాన్‌ఫోరాన్ గుర్రప్పందేల మైదానానికి, తరువాత యూటా ఎడారిలోని టోపాజ్‌కు తరలించారు. తల్లిదండ్రులకు అమెరికా పౌరసత్వం పొందే హక్కు చట్టంలో లేదు. అక్కడే పుట్టిన పిల్లలు పౌరులు. కంచె మాత్రం అందరికీ ఒక్కటే.

ఆ కంచెలోపల చిత్రకారుడు చియురా ఒబాటా ఒక చిత్రకళా పాఠశాల పెట్టాడు. హిసాకో అందులో పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పింది. ఒబాటా వెళ్ళిపోయాక బడి బాధ్యత ఆమె భర్త తీసుకున్నాడు. కథలో మారి అనే చిన్నపిల్ల ఎడారిలో విత్తిన పొద్దుతిరుగుడు గింజలు మొలుస్తాయా అని ఎదురుచూస్తుంది. బొమ్మల తరగతీ, ఐకో అనే కొత్త స్నేహితురాలూ ఆమెకు మాట తిరిగి తెస్తాయి. చెప్పే తీరు నిరాడంబరంగా ఉంది. ఎక్కడా గొంతు పెంచలేదు. పిల్లలకు అన్యాయాన్ని చెప్పేటప్పుడు ఈ సంయమనం తేలిక కాదు.

మా అభ్యంతరం భాష దగ్గర. మేము భాషాశాస్త్రం చదివినవాళ్ళం కనుక కన్ను అటే పోతుంది. పుటమీద ఇంగ్లీషు ఇంగ్లీషుగా, జపనీసు జపనీసుగా, చలవచేసి మడతపెట్టిన బట్టల్లా విడివిడిగా ఉన్నాయి. ఆ ఇంట్లో అలా ఉండి ఉంటాయా? పదమూడేళ్ళకు దేశం దాటిన తల్లి, దాటకుండానే పుట్టిన కూతురు ఒకే గదిలో మాట్లాడుకుంటే రెండు భాషలూ కలిసే వస్తాయి. పుస్తకం రెండు భాషలకూ గౌరవం ఇచ్చింది గాని, వాటి మధ్య బతికిన మనిషి మాటకు చోటివ్వలేదు.

ఈ లోటు తీరాలంటే బొమ్మలనే చూడాలి. హిసాకో శిబిరంలో 1943లో వేసిన ఒక చిత్రంలో తల్లి బిడ్డకు స్నానం చేయిస్తూ ఉంటుంది. దానికి ఆమె పెట్టిన పేరు 'హోమేజ్ టు మేరీ కస్సాట్'. కస్సాట్ అమెరికాలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన చిత్రకారిణి. ఆమె 1890లో పారిస్‌లో జపాను అచ్చుబొమ్మల ప్రదర్శన చూసి, ఆ పద్ధతి ఒంటబట్టించుకుని తల్లీబిడ్డల చిత్రాలు చేసింది. జపాను నుండి పారిస్‌కు, పారిస్ నుండి అమెరికాకు, అక్కడినుండి ఎడారి శిబిరంలోని జపాను తల్లి చేతికి ఆ గీత తిరిగి వచ్చింది. ఎవరి గీత ఎవరిదో విడదీయగలమా? మేము వెతికిన కలగలుపు మాట ఇదే. అది రంగుల్లో ఉంది.

పుస్తకం ఆశతో ఆగుతుంది. జీవితం అక్కడ ఆగలేదు. 1945లో కుటుంబం న్యూయార్కు చేరింది. 1947లో భర్త పోయాడు. హిసాకో బట్టలు కుట్టి పిల్లలను పెంచింది. చట్టం మారిన తరువాత, 1953లో, పౌరసత్వం తీసుకుంది. 1991లో పోయేదాకా బొమ్మలు వేస్తూనే ఉంది. ఇదంతా తెలుసుకోగోరేవారు, ఆమె జ్ఞాపకాలను కూతురు ఇబుకి హిబి లీ కూర్చిన 'పీస్‌ఫుల్ పెయింటర్' (2004) చూడాలి. రెండింటిలో మా ఓటు దానికే.

ఆ పుస్తకం ఉపశీర్షికలో 'ఇస్సే' అనే మాట ఉంది. వలసవెళ్ళిన తరం ఇస్సే, వారి పిల్లలు నిసే, మనవలు సాన్సే. ఒకటి, రెండు, మూడు అని లెక్క. మనకు ఆ లెక్క ఎప్పుడో తప్పిపోయింది. మధుర నాయకుల కాలంలో దక్షిణానికి నడిచినవారి మనవరాలు తనది ఎన్నో తరమని చెప్పగలదు? మనలో కొందరైతే కదలనేలేదు. 1953, 1956లలో గీత కదిలింది.

ఒక తప్పు ఒప్పుకోవలసి ఉంది. కొన్నేళ్ళ క్రితం హోసూరు ప్రాంతపు విద్యార్థిని ఒకామె తన అవ్వమీద వ్యాసం రాసుకొచ్చింది. ఆ అవ్వ పల్లెకూటంలో పిల్లలకు అక్షరాలు దిద్దించేది, పండుగలకు ఊరందరి గోడలమీద బొమ్మలు వేసేది. వ్యాసంలో 'అవ్వ' అన్నచోటల్లా మేము 'నాయనమ్మ' అని దిద్దాము. 'ఉండాది'ని 'ఉంది' చేశాము. 'పల్లెకూటం' కొట్టేసి 'పాఠశాల' రాశాము. మంచి మార్కులే వేశాము కూడా. ఆమె మారుమాట్లాడకుండా తీసుకుపోయింది.

ఈ పరిచయం రాస్తూ ఆమెకు కబురుపెట్టి, ఆ వ్యాసం అచ్చువేస్తాము, పంపమని అడిగాము. దిద్దిన ప్రతి ఒక్కటే తనదగ్గర ఉందనీ, మొదటి రాత చెయ్యి తిరగరాసినప్పుడే పారేశాననీ చెప్పింది. అవ్వ చెప్పిన మాటలు గుర్తున్నంతవరకు మళ్ళీ రాయమన్నాము. రాస్తానంది.