పదమూడోది ఏదీ?

2022 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడే, వనపర్తిలో ‘మన ఊరు - మన బడి’ మొదలుపెట్టారు. అందులోని పన్నెండు పనుల జాబితా చదివాను. నీటివసతితో మరుగుదొడ్లున్నాయి. ఏడో తరగతి ఆడపిల్ల తల్లికి అదెంత ఊరటో వేరే చెప్పాలా! బల్లలు, వంటషెడ్లు, ప్రహరీ, రంగులు, డిజిటల్ చదువూ ఉన్నాయి. సంతోషమే. కథల పుస్తకాల గది మాత్రం లేదు!

354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డిగారిని 1952లో శాసనసభకు పంపిన ఊరండీ ఇది! అన్నం తిన్నాక పిల్ల చేతికి ఏ పుస్తకం అందాలి?

2024లో బడి మరమ్మతుల బాధ్యత మహిళా సంఘాలవాళ్ళుండే ‘అమ్మ ఆదర్శ పాఠశాల’ కమిటీలకు అప్పగించారు. ఆ పదమూడో పని అమ్మలు కాక ఇంకెవరడుగుతారు?