నమ్మకమా, పూచీయా?

మనుషుల మధ్య నమ్మకం ఎలా ఏర్పడుతుంది? అమెరికన్ సమాజ శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ 1988లో సామాజిక పెట్టుబడి మీద రాసిన వ్యాసంలో న్యూయార్క్ వజ్రాల వ్యాపారుల్ని ఉదాహరణగా చూపించారు. ఒక వ్యాపారి రాళ్ళ సంచిని మరొకరి చేతికిచ్చి తీరిగ్గా పరీక్షించుకోమంటాడు. బీమా ఏమీ ఉండదు. అయినా రాయి మారదు. వాళ్ళంతా ఒకే చోట ఉంటారు, ఒకే ప్రార్థనా మందిరాలకు వెళతారు, వాళ్ళ మధ్య వియ్యాలున్నాయి. మోసం చేసినవాడు వీటన్నిటికీ దూరమవుతాడు.

ఇది చదివినప్పుడల్లా నా చూపు ఆ వియ్యాల దగ్గరే ఆగిపోతుంది. వియ్యమందాలంటే ఆడపిల్లలుండాలి కదా! వ్యాపారుల నమ్మకానికి బిగువునిచ్చే పెళ్ళిళ్ళలో వాళ్ళున్నారు. నమ్మే మనుషులుగా మాత్రం వాళ్ళ ఊసు లేదు.

అదే వ్యాసంలో ఆరుగురు పిల్లల తల్లి ఒకామె డెట్రాయిట్ శివారు వదిలి కుటుంబంతో జెరూసలేం వెళుతుంది. అక్కడ పిల్లలు ఒంటరిగా తిరిగినా చుట్టుపక్కల పెద్దలు కనిపెట్టుకుని ఉంటారు. నిజమే. కానీ చిన్నపిల్లల్ని కాచిన ఆ కళ్ళే, ఆడపిల్ల ఎదిగాక దేన్ని కాస్తాయో మనకు తెలియనిది కాదు. అందరికీ అందరూ తెలిసినచోట నమ్మకం గట్టిపడుతుందని కోల్‌మన్ అంటారు. దానికి కాపలా అని ఇంకో పేరుంది.

మన అనుభవం మరో దారి చూపించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు చేరిన స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఉద్యమం వ్యాపించి 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఇంటిగుట్టనుకున్న కష్టం అందరిదీ అని తెలియడంతో పుట్టిన నమ్మకమది. అక్కడ ఎవరూ ఎవరి బాకీకీ పూచీ పడలేదు. ఆ ఊపులోనే ఆ జిల్లాలో పొదుపు సంఘాలు పెరిగాయి.

తర్వాత వచ్చిన సూక్ష్మరుణ సంస్థలు ఈ నమ్మకాన్ని తయారుసరుకులా వాడుకున్నాయి. ఆస్తిలేని ఆడవాళ్ళకు ఇరుగుపొరుగే తాకట్టు; ఒకామె వాయిదా తప్పితే మిగతావాళ్ళు కట్టాలి. బంగ్లాదేశ్‌లో ఇలాంటి వసూళ్ళ వెనక పనిచేసింది పరువు భయమేనని లామియా కరీం 2011లో వచ్చిన తన పుస్తకంలో వివరించారు. ఇక్కడ వేధింపుల, ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. తాకట్టు పెట్టింది స్నేహాన్ని. ముందు జప్తయిందీ స్నేహమే.

అందుకే కోల్‌మన్ చెప్పినదాన్ని నమ్మకం అనడానికి నాకు మనసొప్పదు. శిక్షకు భయపడి నిలబెట్టుకున్న మాట పూచీ మాత్రమే. ‘ఈ వారం కట్టలేను’ అని ఒకామె చెప్పినా, వచ్చే వారం ఆమెకు చాపమీద చోటుండాలి. మన సంఘాల్ని వసూళ్ళ శాతంతో కాక ఈ కొలతతో కొలిచే సమాజ శాస్త్రం మనమే రాసుకోవాలి.