5 ఔన్సుల బండి

అమెరికాలో స్కౌట్ల చిన్నపిల్లల విభాగమైన కబ్ స్కౌట్ పిల్లల చేతికి ఓ చిన్న పెట్టె అందుతుంది. అందులో 7 అంగుళాల పైన్ చెక్క దిమ్మ, నాలుగు ప్లాస్టిక్ చక్రాలు, ఇరుసులుగా నాలుగు మేకులు. అంతే. వీటితో చిన్న బండి చేసి వాలు బాట మీద పందేనికి దింపాలి. 1953లో కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచ్‌లో కబ్ స్కౌట్ నాయకుడు డాన్ మర్ఫీ ఈ పైన్‌వుడ్ డెర్బీని మొదలుపెట్టారు. పిల్లలే ఎక్కి నడిపే సోప్ బాక్స్ డెర్బీకి తన కొడుకు వయసు చాలకపోవడంతో పుట్టిన ఆలోచన అది.

కరెంటు రంపంతో ఆ దిమ్మను నిమిషాల్లో కోసేయొచ్చు. నాకు మాత్రం చేతి రంపంతో కోసిన బండి అంటేనే గౌరవం. పైన్ మెత్తని చెక్క, ఎనిమిదేళ్ల చేతులకూ లొంగుతుంది. సన్న బ్లేడు రంపాన్ని గీసుకున్న వంపు వెంట నెమ్మదిగా తిప్పాలి, తొందరపడితే బ్లేడు తెగుతుంది. తర్వాత ఆకురాయి, ఆపైన గరుకువి మొదలు నున్ననివాటి దాకా ఉప్పుకాగితాలు. మొసలైనా, పెన్సిలైనా, అరటిపండైనా ఆ దిమ్మలోంచే రావాలి.

అసలు పనితనమంతా మేకుల దగ్గరుంది. తల కింద మిగిలిన గరుకును ఆకురాయితో తీసి, తళతళలాడేదాకా రుద్ది, గ్రాఫైట్ పొడి అద్దుతారు. బండి బరువు 5 ఔన్సులు, అంటే సుమారు 142 గ్రాములు దాటకూడదు. ఆ బరువును వెనకవైపు సర్దితే వాలు మీద అది మరింత ఎత్తున ఉండి, దిగేటప్పుడు వేగం పెంచుతుంది. భౌతికశాస్త్రం ఇంకా చదవని పిల్లలకు ఈ సంగతి వేళ్లకే తెలిసిపోతుంది. రంపం లాక్కోకుండా, దిమ్మ కదలకుండా పట్టుకుని నిలబడే నాన్నలంటే నాకు మరీ ఇష్టం.