మూలంలో నోరులేనివాళ్ళు

ఈ మధ్య పదిరోజులపాటు పనిగట్టుకుని మూడు పాత సినిమాలు మళ్ళీ చూశాను. సత్యజిత్ రాయ్ ‘షత్రంజ్ కే ఖిలాడీ’ (1977), మృణాల్ సేన్ ‘ఒక ఊరి కథ’ (1977), గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ (1980). మొదటి రెండింటికీ మూలం ప్రేమ్‌చంద్ కథలు. మూడోదానికి కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. ఒక్కొక్క సినిమా చూడబోయే ముందు దాని మూలం దగ్గర పెట్టుకుని చదివాను. సాహిత్య విద్యార్థుల ముందు ఈ విషయం మాట్లాడవలసి వచ్చింది గనక ఇంత శ్రమ. తీరా అక్కడ నేను చెప్పదలచుకున్నదంతా చెప్పాక ఒక కుర్రవాడు లేచి, “ఇంతకూ కథల్ని పాడుచేశారా, బాగుచేశారా, ఒక్క ముక్కలో చెప్పండి” అన్నాడు. ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక తోచిన జవాబు ఇది.

ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టడానికి లేదు. నవల చదివి సినిమాకు వెళ్ళేవాళ్ళ దగ్గర మన ప్రాంతంలో ఎప్పుడూ రెండే తీర్పులు వుంటాయి. “ఉన్నదున్నట్టు తీశాడు” అనేది ఒకటి, “సర్వనాశనం చేశాడు” అనేది రెండోది. శరత్ ‘దేవదాసు’ 1953లో తెలుగు తెరకెక్కినప్పుడూ ఇవే మాటలు. 1970ల్లో ‘జీవన తరంగాలు’, ‘సెక్రటరీ’ వంటి నవలలు సినిమాలైనప్పుడూ ఇవే. కథకు విధేయంగా వున్నాడా లేదా అన్న కొలబద్ద పనికిరానిదని నేననను. అది చాలదు, అంతే.

ప్రేమ్‌చంద్‌కు సినిమా గురించి భ్రమలేమీ లేవు. 1934లో బొంబాయి వెళ్ళి మిల్లు కార్మికుల మీద ఒక సినిమాకు కథ రాశాడు. ఆ సినిమాను బొంబాయిలో నిషేధించారు. మరుసటి ఏడే ఆయన ఆ నగరానికి నమస్కారం పెట్టి వెనక్కి వచ్చేశాడు. 1936 ఏప్రిల్‌లో లక్నోలో అభ్యుదయ రచయితల తొలి మహాసభకు అధ్యక్షత వహించి, ఆ ఏడే కన్నుమూశాడు. ఆయన పోయిన నాలుగు దశాబ్దాలకు ఇద్దరు పెద్ద బెంగాలీ దర్శకులు ఒకే ఏడాది ఆయన కథలు చేతబట్టడం ఆలోచించదగ్గ విషయమే.

‘షత్రంజ్ కే ఖిలాడీ’ సంగతి ముందు చెబుతాను. 1856లో కంపెనీవాళ్ళు అవధ్‌ను మింగేస్తుంటే ఇద్దరు జాగీర్దార్లు, మీర్, మీర్జా, చదరంగం ఆడుకుంటూ వుంటారు. ప్రేమ్‌చంద్ 1924లో రాసిన కథలో ఆటమీద మాటా మాటా పెరిగి, కత్తులు దూసి, ఇద్దరూ ఒకరి చేతుల్లో ఒకరు చస్తారు. తమ నవాబు ఖైదీ అయిపోతుంటే కంట నీటిబొట్టు రాలనివాళ్ళు చదరంగంలోని మంత్రి కోసం ప్రాణాలు ఇచ్చేస్తారు. వాళ్ళు పిరికివాళ్ళు కాదు. వాళ్ళలో చచ్చిపోయింది రాజకీయ చైతన్యం అని రచయిత తీర్పు. రాయ్ వాళ్ళను చావనివ్వలేదు. పిస్తోలు పేలుతుంది, గుండు ఒరుసుకుపోతుంది. కాసేపటికి ఇద్దరూ మళ్ళీ పావులు సర్దుకుంటారు. ఈసారి ఆట ఇంగ్లీషు పద్ధతిలో: మంత్రి పోయి రాణి వస్తుంది.

ఈ సినిమా మొదటిసారి చూసినప్పుడు, రాయ్ భూస్వాములను శిక్ష లేకుండా వదిలేశాడని మిత్రులతో గట్టిగా వాదించాను. ఇప్పుడు ఆ వాదనలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. చరిత్రలో ఆ వర్గం కత్తిపోట్లకు చావలేదు. కొత్త యజమాని ఆట నేర్చుకుని హాయిగా బతికింది. ప్రేమ్‌చంద్ ముగింపు ఆ వర్గానికి పడవలసిన శిక్ష. రాయ్ ముగింపు జరిగిన చరిత్ర. రెండోది మెత్తనిదని అప్పట్లో అనుకున్నాను. నిజానికి అదే ఎక్కువ చేదు.

రెండో సగం మాత్రం వదులుకోను. రాయ్ తన సినిమాలో పెద్ద భాగం వాజిద్ అలీ షాకూ, రెసిడెంటు ఔట్రాంకూ ఇచ్చాడు. కథలో వాళ్ళు నేపథ్యం మాత్రమే. కిరీటం తీసి ఇవ్వబోయే నవాబు దుఃఖం మనకు బాగా తెలుస్తుంది. అతని విలాసాలకు పన్నులు కట్టిన రైతు దుఃఖం తెలియదు. ఉన్నంతలో ఆటగాళ్ళకు సపర్యలు చేసే కల్లూ అనే పల్లె కుర్రవాడు ఒకడున్నాడు. తెల్లవాళ్ళ దండు వస్తున్న సంగతి పట్టించుకున్నది వాడు. మూలంలో వాడు లేడు. రాయ్ వాణ్ణి పుట్టించి కాస్త నోరిచ్చాడు. ఇంకాస్త ఇచ్చి వుండవలసింది.

‘ఒక ఊరి కథ’కు మూలం ‘కఫన్’. చలికాలం రాత్రి తండ్రీ కొడుకులు గుడిసె ముందు బంగాళాదుంపలు కాల్చుకుంటుంటారు. లోపల కోడలు బుధియా పురిటినొప్పులతో అరుస్తుంటుంది. తాను లేచి వెళితే రెండోవాడు ఎక్కువ దుంపలు తినేస్తాడని ఇద్దరూ కదలరు. తెల్లవారేసరికి ఆమె చచ్చిపోతుంది. కఫన్ కోసం ఊళ్ళో అడుక్కుంటే ఐదు రూపాయలు వస్తాయి. ఆ డబ్బుతో తాగి, తిని, పాడి, ఆడి, కల్లు దుకాణం ముందే పడిపోతారు. ఉన్నన్నాళ్ళూ చింకిపాత ఇవ్వని లోకం చచ్చాక కొత్తబట్ట ఎందుకిస్తుందన్న ఎత్తిపొడుపు కథంతా మండుతూ వుంటుంది.

మృణాల్ సేన్ ఈ కథను తెలంగాణ పల్లెకు తెచ్చి, తెలుగులో తీశాడు. తండ్రి వెంకయ్యగా వాసుదేవరావు, కొడుకు కిష్టయ్యగా నారాయణరావు నటించారు. పనిచేస్తే దొర బలుస్తాడు తప్ప తన కడుపు నిండదు గనక పనే చెయ్యనంటాడు వెంకయ్య. కథలో సోమరితనంగా కనిపించేది సినిమాలో ఒక వాదం అయింది. అంతకంటే పెద్ద మార్పు కోడలిది. కథలో బుధియాకు ఒక్క మాట లేదు. ఆమె మూలుగే మనకు వినబడుతుంది. సినిమాలో మమతా శంకర్ పోషించిన నీలమ్మకు ముఖం వుంది, రెక్కల కష్టం వుంది, మామతో పేచీ వుంది. పని మానేయడమే తిరుగుబాటు అనే మొగవాడి వాదానికి ఆ ఇల్లు నడిపే ఆడదాని కష్టమే జవాబుగా నిలబడుతుంది.

దీనివల్ల పోయిందేమిటో కూడా చెప్పాలి. ‘కఫన్’ చదువుతూ మనం నవ్వుతాం. ఎందుకు నవ్వామా అని వెంటనే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆ నవ్వు సినిమాలో రాదు. నీలమ్మతో అంతసేపు బతికినవాడు ఎట్లా నవ్వుతాడు? నష్టం నష్టమే. అయినా బుధియా మూలుగు నీలమ్మ గొంతుగా మారినందుకు ఆ నష్టం భరించవచ్చునని నా అభిప్రాయం.

ఇక్కడ ఇంకొక మాట. ‘కఫన్’లోని తండ్రీ కొడుకులు చమార్లు. రాతిగుండెవాళ్ళను చూపించడానికి రచయితకు దళితులే దొరికారా అని దళిత విమర్శకులు నిలదీశారు. మనలో చాలామంది ఆ ప్రశ్నను విసుక్కున్నారు. ప్రేమ్‌చంద్ ఉద్దేశం మంచిదని జవాబు చెప్పి ఊరుకున్నాం. ఉద్దేశం గురించి ఎవరూ అడగలేదు. ఆకలి మనిషిని ఏం చేస్తుందో చూపిన కథ, ఒక కులం మనుషులు అంతే అని చదువుకునే వీలు ఎందుకిచ్చింది అన్నది ప్రశ్న. మృణాల్ సేన్ వెంకయ్యకు వాదం ఇచ్చి దానికి కొంత జవాబు చెప్పాడు. కాని నాకు కనబడినంతవరకు ఆ సినిమాలో పేదరికానికీ దొరతనానికీ వున్న స్పష్టత కులానికి లేదు. ఈ లోపం ఆయన ఒక్కడిదే కాదు. వర్గంలోనే కులం కూడా వచ్చేసిందని లెక్కలు మూసేసిన మన విమర్శది కూడా.

ఇక ‘మా భూమి’. కిషన్ చందర్ నవలలో ఇరవై రెండేళ్ళ రాఘవరావు జైల్లో వుంటాడు. తెల్లవారితే ఉరి. ఆ ఒక్క రాత్రిలో అతను తన బతుకంతా తలచుకుంటాడు. తెలంగాణ రైతుల సాయుధ పోరాటం మీద, పోరాటం ముగిసీ ముగియకముందే, ఆ వేడిలో వచ్చిన రచన అది. సినిమాలో జైలు రాత్రి లేదు. వెట్టి బతుకు నుంచి నగరానికీ, నగరం నుంచి మళ్ళీ పోరాటానికీ కథ వరుసగా నడుస్తుంది. చావు ముందు కూర్చుని, తానెందుకు చస్తున్నాడో తెలిసిన మనిషి మనసు పోయింది. ఊరంతా కదిలిరావడం కళ్ళకు కట్టింది.

కాని అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది ఒక చిన్న మార్పు. నవలలో రాఘవరావు సినిమాలో రామయ్య అయ్యాడు. తెలంగాణ పల్లె తెలిసిన ఎవరికైనా దీని అర్థం చెప్పనక్కరలేదు. వెట్టివాడి కొడుకు పేరు చివర ‘రావు’ ఎక్కడినుంచి వస్తుంది? ఆ రోజుల్లో ‘రావు’ అంటే దొర, దేశ్‌ముఖ్, పట్వారీ. దూరం నుంచి ప్రేమతో రాసిన రచయితకు తెలియనిది, నిర్మాత బి. నర్సింగరావుకూ ఆయనతో కలిసి పనిచేసిన స్థానికులకూ తెలుసు. అట్లాగే భాష. నవలలో తెలంగాణ రైతులు ఉర్దూలో మాట్లాడతారు. అది రచయిత దోషం కాదు, ఆయన రాసే భాష అది. సినిమాలో ఆ రైతులకు తమ యాస, తమ పాట తిరిగి వచ్చాయి. బండి యాదగిరి కట్టిన పాట గద్దర్ గొంతులో వినబడినప్పుడు ఆ మనుషులకు వాళ్ళ నోరు వాళ్ళకు చెందింది. 1948లో పోలీసు చర్య తర్వాత పారిపోయిన దొరలు కొత్త టోపీలు పెట్టుకుని ఊళ్ళోకి తిరిగి వస్తారు. రాయ్ చదరంగంలో మంత్రి పోయి రాణి వచ్చినట్టే.

ఇప్పుడు ఆ కుర్రవాడి ప్రశ్నకు జవాబు. పాడుచేశారా, బాగుచేశారా అన్నది తర్వాత అడగవలసిన మాట. మూలంలో నోరులేనివాళ్ళు ఎవరు, తెరమీద వాళ్ళకు నోరు వచ్చిందా, లేక మూలంలో వున్న నోరు కూడా పోయిందా అన్నది ముందు అడగాలి. కల్లూకు కొద్దిగా వచ్చింది. నీలమ్మకు వచ్చింది. రామయ్యకు పేరుతో సహా వచ్చింది. ముగింపు మార్చినా, ఊరు మార్చినా, వరుస మార్చినా ఈ మూడు సినిమాలను నేను గౌరవించడానికి కారణం అదే. ఒక్క సంఘటన కూడా మార్చకుండా తీసి, దాసీకి మాట లేకుండా చేసిన సినిమా నా దృష్టిలో కథకు విధేయమైనది కాదు.

ఈ మూడింట్లో ఒక్కదానికీ దర్శకుడు తెలుగువాడు కాడు. దీనికి సినిమా వ్యాపారులను తిట్టి ఊరుకోవడం తేలిక. కాని ఈ పత్రిక చదివేది రచయితలు గనక, చివరి మాట మనకే చెప్పుకోవాలి. సినిమావాడు మన కథ తీసుకుంటాడా లేదా అన్నది అట్లా వుంచి, మనం రాసిన కథలు ఒకసారి తిరగేసి చూసుకుందాం. గుడిసె లోపల మూలుగుతూ, ఒక్క మాటైనా మాట్లాడకుండా చచ్చిపోయిన బుధియాలు వాటిల్లో ఎంతమంది వున్నారు? నా కథల సంపుటిలో నేను లెక్కపెట్టాను. నలుగురు తేలారు.