పొలం ఒడ్డున పిండికూర

సంక్రాంతి వారం రోజుల్లోకి వచ్చిందంటే మల్యాల చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల చూపు పొలం ఒడ్ల మీద పడుతుంది. వానాకాలం వడ్లు ఇంటికి చేరి ఉంటాయి. యాసంగి నాట్లకు మళ్లలో నీళ్లు నిలుస్తుంటాయి. ఒక పంట పోయి ఇంకో పంట రాని ఆ కొద్ది రోజుల్లో, ఎవరూ విత్తకుండా ఒడ్డు మీద మొలిచిందే పండుగ వాకిలికి అలంకారం. అందులో మొదట వెతికేది పిండికూర.

మోకాలెత్తు కూడా పెరగని మొక్క అది. బూడిద రంగు కలిసిన పచ్చటి ఆకులు, ఆకు మొదట్లో గుత్తులు గుత్తులుగా తెల్లటి దూది లాంటి పూత. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే రెమ్మల మీద ఎవరో బియ్యప్పిండి చల్లి వెళ్లినట్టుంటుంది. కొండపిండి అనీ అంటారు. మూత్రపిండాల్లోని రాళ్లను పిండి చేస్తుందన్న నమ్మకం ఊళ్లలో పాతకాలం నుంచీ ఉంది. ఆకు లేతగా ఉన్నప్పుడు పప్పులో వేసుకుంటారు. పుష్యమాసానికి పూత పట్టి ముదిరిపోతే కూరకు పనికిరాదు, సరిగ్గా అప్పుడే ముగ్గుకు పనికొస్తుంది.

గుత్తిని వేళ్ల మధ్య నలిపి చూస్తే దాని గుట్టు తెలుస్తుంది. గులాబీ రేకుల్లా తడి తగలదు. పలచటి కాగితం పొరల్లా గలగలమంటుంది. ఆ పొరల్లో ఆవగింజ కన్నా చిన్న గింజ, నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తూ ఉంటుంది. బతుకమ్మకు కోసే గునుగు కూడా ఇలాంటిదే. తోటలో పెంచే సీతజడ పువ్వూ అంతే. మూడూ తోటకూర కుటుంబానివి. పుట్టినప్పుడే సగం ఎండిన పూలు కాబట్టి కోశాక వాడిపోయేది పెద్దగా ఉండదు. ఆ కుటుంబానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరుకు మూలమైన గ్రీకు మాటకు అర్థం ‘వాడనిది’ అని. దసరా నాటి గునుగును రంగునీళ్లలో ముంచి ఆరబెట్టే చేతులకు ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు.

అయితే కోతకు ఒక పద్ధతి ఉంది. మంచు తడి ఆరాక వెళ్లాలి. తడి మీద కోసి గంపలో కుక్కితే రెండు రోజుల్లో నల్లబడి బూజు వాసన వేస్తుంది. వేరుతో పీకడం సులువే, మొక్క చిన్నది, నేల మెత్తన. కానీ తెలిసినవాళ్లు పీకరు. పైనున్న జానెడు రెమ్మలు కొడవలితో తెంపి, కింది పూతను మొక్కకే వదిలేస్తారు. ఐదో ఏడో గొబ్బెమ్మలకు పిడికెడు పిండికూర చాలు. పండుగ ముందురోజు కోస్తే సరే, నాలుగు రోజుల ముందు కోస్తే చిన్న కట్టలు కట్టి నీడలో తలకిందులుగా వేలాడదీస్తే అలాగే ఉంటాయి.

మల్యాల మండలంలోనే ముత్యంపేట దగ్గర కొండగట్టు ఉంది. తెలంగాణలో గట్టన్నా కొండే కాబట్టి ఆ పేరులో కొండ రెండుసార్లు వినిపిస్తుంది. ఆంజనేయస్వామి దర్శనానికి వచ్చేవాళ్లు పెద్ద బండరాళ్లను చూసి ఫొటోలు తీసుకుంటారు. బండల సందుల్లో, బాట పక్కన, కోతకు రాని రాతి నేలలో పెరిగేవాటిని ఆగి చూసేవాళ్లు తక్కువ. ఎండకు ఓర్చే పిండికూర, తంగేడు, రేగు, ఉత్తరేణి, ఇలాంటి చెట్టూచేమా కొండ పాదాల చెలకల్లో కలిసి బతుకుతాయి. శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ నీళ్లతో వరి పరుచుకున్న చోట ఇదంతా ఒడ్ల మీదికి, బాటల అంచులకు జరిగింది. 2016 అక్టోబరు 11న కరీంనగర్ నుంచి విడిపోయి జగిత్యాల జిల్లా అయిన ఈ ప్రాంతం మామిడికి, పసుపుకు పేరు పొందింది. పిండికూరకు పేరూ లేదు, ధరా లేదు. పండుగ ముందురోజు ఒక్కనాడు మాత్రం పట్నం సంతలో కట్టకు ఇంతని అమ్ముడుపోతుంది. పక్కనే రేగుపండ్ల కుప్ప, గరిక, పొట్లాలు కట్టిన నవధాన్యాలు.

రేగుపండ్లకు చెలకల వైపు వెళ్లాలి. ముళ్లకు చీర చెంగు చిక్కుకోకుండా తీసుకోవడం ఒక విద్య. గొబ్బెమ్మకు బాగా మగ్గిన పండు కన్నా ఎరుపు తిరుగుతున్న గట్టి పండు మంచిది, మూడు రోజులు నిలుస్తుంది. గరిక ఎక్కడైనా దొరుకుతుంది. కణుపు కణుపుకూ వేరు వేసే గడ్డి కాబట్టి ఎంత తెంపినా తరిగేది కాదు.

తెల్లవారుజామున సానుపు చల్లి, ముగ్గు వేశాక గొబ్బెమ్మల పని. పేడ మరీ పలచగా ఉంటే నిలబడదు, ఆరిపోతే పగుళ్లిస్తుంది. అరచేతిలో ఇమిడే ముద్ద చేసి, ముగ్గు నడుమ పెట్టి, పసుపు కుంకుమ అద్ది, నెత్తిన బొటనవేలితో చిన్న గుంట నొక్కుతారు. ఆ గుంటలో గరిక పోచలు, వాటి పక్కన పిండికూర రెమ్మ, బంతిపువ్వో గుమ్మడిపువ్వో. చుట్టూ నవధాన్యాలు, రేగుపండ్లు, చెరకు ముక్కలు. ఎర్రమన్ను అలికిన అరుగు ముందు ఆ తెల్లటి పూత ఎంత వెలుగిస్తుందో, రంగుల ముగ్గుపొడి పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. పొడి రంగు కంటికి ముందు తగులుతుంది. పిండికూర మీద మాత్రం చూపు ఎక్కువసేపు నిలుస్తుంది.

ఇదే మొక్కకు తమిళనాట కొంగు ప్రాంతంలో ఇంకో గౌరవం ఉంది. పొంగల్ ముందు ‘కాప్పు కట్టు’ అని పిండికూర, వేపరెమ్మ, తంగేడు పూలు కలిపి ఇంటి చూరుకు కడతారు. ఆ మూడూ మల్యాల బాటల పక్కన కూడా పక్కపక్కనే పెరుగుతాయి. అందులో తంగేడు 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పుష్పం.

చూరుకు కట్టేది ఇక్కడా ఒకటుంది, వరి గొలుసుల కుచ్చు. గింజ రాలకముందే గొలుసులను కాడతో కోసి, కాడలను జడలా అల్లి, గొలుసులు కిందికి వేలాడేలా దర్వాజ పక్కనో గుడి మండపంలోనో కట్టేవారు. పిచ్చుకలు వచ్చి తినేవి. నార్వే, స్వీడన్ పల్లెల్లో క్రిస్మస్‌కు ధాన్యపు కట్టను కర్రకు కట్టి మంచులో పక్షుల కోసం నిలబెడతారు. అంత దూరాన, అంత చలిలో కూడా రైతులకు ఇదే ఆలోచన రావడం ఎంతో బాగుంటుంది. ఇప్పుడు కోతమిషన్ మడిలోకి దిగితే కాడ నలిగిపోతుంది, గింజ ట్రాలీలో పడుతుంది. కుచ్చు కావాలనుకునే ఇల్లు మిషన్ రాకముందే మడి మూలన నాలుగు పిడికిళ్లు కొడవలితో కోసి పెట్టుకోవాలి. అరగంట పని. ఆ అరగంట గుర్తుండే ఇళ్లు తగ్గాయి.

ఒడ్లకు వచ్చిన కష్టం ఇంతకన్నా పెద్దది. కూలీలు దొరకక, దొరికినా ఖర్చు భరించలేక, రైతులు ఒడ్ల మీద గడ్డిమందు కొడుతున్నారు. వారం తిరిగేసరికి ఒడ్డంతా తుప్పు రంగు. గరిక వేరు నుంచి మళ్లీ లేస్తుంది, పిండికూర లేవదు. గడ్డిమందుల్లో ఎక్కువగా వాడే గ్లైఫోసేట్‌ను పురుగుమందులు కొట్టే లైసెన్సున్నవాళ్లే వాడాలని 2022 అక్టోబరులో కేంద్రం ఆంక్ష పెట్టింది. కాగితం మీది ఆంక్ష ఒడ్డు దాకా రావడం వేరే సంగతి. రైతును తప్పుపట్టి లాభం లేదు, అతని లెక్క అతనిది. కానీ ఒడ్డు మొత్తం కాకుండా, ఇంటి బాట వైపు నాలుగు గజాలు మందు తగలకుండా వదిలేస్తే పంటకు వచ్చే నష్టం పెద్దగా ఉండదు. ఆ నాలుగు గజాలు ఒక వాడంతటి గొబ్బెమ్మలకు సరిపోతాయి. పశువులకు మేపే గడ్డి, కూరకు లేత ఆకు అదనం. ఈ మాట పండుగ నాడు కాదు, మందు డబ్బా మూత తీసే నాడు ఇంట్లో ఎవరైనా అనాలి.

పండుగ వెళ్లాక గొబ్బెమ్మలను పిడకలుగా చరిచి గోడకు ఆరబెడతారు. మాఘ శుద్ధ సప్తమి, రథసప్తమి నాడు ఆ పిడకల మీదే పాలు పొంగించే ఇళ్లున్నాయి. ఆ రోజు పెరట్లోని చిక్కుడుకాయలకు చీపురు పుల్లలు గుచ్చి చిన్న రథం కడతారు, పరమాన్నం చిక్కుడాకుల్లో నైవేద్యం పెడతారు. చలికాలం అలంకారాల్లో అదే చివరిది.

వాకిట్లో మిగిలిన గరిక, ఎండిన పిండికూర, నలిగిన పూలు ఊడ్చి పెంటకుప్ప మీద పోస్తారు. కుప్ప నడిమి వేడికి చాలా గింజలు చచ్చిపోతాయి, అంచున పడ్డవి కొన్ని మిగులుతాయి. ఎండాకాలంలో ఆ ఎరువు చెలకకు చేరుతుంది. తొలకరి పడ్డ కొన్నాళ్లకు మొక్కజొన్న సాళ్ల మధ్య బూడిద రంగు ఆకులు రెండేసి కనిపిస్తే, కలుపు తీసే ఆమె ఒకటి రెండు మొక్కలు పీకకుండా ఒడ్డు వైపు వదిలేసి ముందుకు వెళ్తుంది.