ఒక ఏడాదికి అష్టోత్తరం

చిన్నప్పుడు మా క్లాసులో బుక్ క్రికెట్ ఆడనివాళ్ళు లేరు. సోషల్ పుస్తకం మూసి, తెరిచి, ఎడమ పేజీ నంబరులో చివరి అంకె ఎంతయితే అన్ని పరుగులు. సున్నా వస్తే అవుట్. నాకు అప్పట్నుంచే ఆ ఆటమీద ఒక ఫిర్యాదు ఉండేది. సచిన్ ఆడుతున్నాడో, వెంకటపతి రాజు ఆడుతున్నాడో ఆ పుస్తకానికి తెలీదు. ఇద్దరూ అవుటయ్యే అవకాశం అయిదింట ఒకటే.

ఈ ఫిర్యాదుకి అమెరికాలో బేస్‌బాల్ వాళ్ళు ఎప్పుడో మందు కనిపెట్టారని ఇక్కడికి ఉద్యోగానికి వచ్చాక తెలిసింది. 1951లో అప్బా, 1961లో హాల్ రిచ్‌మన్ తయారుచేసిన స్ట్రాట్-ఓ-మ్యాటిక్. ఆటగాడికో కార్డు. ఆ కార్డు అతని జీవితానిది కాదు, ఒక్క సీజన్‌ది. పాచికలు వేసి ఆడుతూ పోతే, కొన్ని వందల సార్ల తర్వాత ఆ కార్డు ఆ మనిషి ఆ ఏడాది ఆడినట్టే ఆడుతుంది. కంపెనీ అమ్మే కార్డులు చాలక సొంతంగా తయారుచేసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. రెండేళ్ళుగా నేనూ ఒకణ్ణి. నాకు తెలిసిన సాహిత్య విమర్శ పద్ధతులతో ఈ కార్డుల్ని చదవొచ్చా అన్నది నా సందేహం. చదవొచ్చనే అనిపిస్తోంది, ఎందుకంటే ఇవి కూడా పాత్రచిత్రణలే.

ముందు నిర్మాణం. స్ట్రాట్-ఓ-మ్యాటిక్‌లో మూడు పాచికలు. మొదటిది 1, 2, 3 పడితే బ్యాటర్ కార్డులో ఆ కాలమ్ చూడాలి. 4, 5, 6 పడితే పిచర్ కార్డు చూడాలి. మిగతా రెంటి మొత్తం ఆ కాలమ్‌లో ఏ వరస అన్నది చెప్తుంది. రెండు పాచికలు పడే తీరులు ముప్పై ఆరు కాబట్టి, మూడు కాలమ్‌లకి 108. మా అమ్మమ్మ ఉంటే సంతోషించేది, సరిగ్గా అష్టోత్తరం. పిచర్‌కి ఇంకో 108. మొత్తం 216.

ఇప్పుడు టెడ్ విలియమ్స్, 1941. ఆ ఏడాది అతని సగటు .406. ఆ తర్వాత ఆ రెండు లీగుల్లో .400 దాటినవాడు లేడు. సీజన్ చివరి రోజు పొద్దున అతని సగటు .39955, రౌండ్ చేస్తే .400. ఆడకుండా కూర్చోవచ్చు. కూర్చోలేదు. ఫిలడెల్ఫియాలో ఆ రోజు జరిగిన రెండు ఆటలూ ఆడి ఎనిమిదింట ఆరు హిట్లు కొట్టాడు. వాక్‌లు కూడా కలిపితే ఆ ఏడాది నూటికి 55 సార్లు బేస్ చేరాడు. 216లో అది 119. మామూలు పిచర్ కార్డు అందులో మూడో వంతు, అంటే 36 దాకా ఎలాగూ ఇచ్చేస్తుంది. కాబట్టి మిగతా 83 విలియమ్స్ సొంత కార్డు మోయాలి, 108లో 83! స్ట్రైకౌట్లు ఏడాది మొత్తానికి 27. వాటిని పిచర్ కార్డులే భర్తీ చేస్తాయి. అందుకని నా విలియమ్స్ కార్డులో స్ట్రైకౌట్ అన్న మాటకి చోటే దొరకలేదు. ఆ ఖాళీ చూసినప్పుడు, అతని గురించి చదివిన ఏ వ్యాసమూ చెప్పనంత సూటిగా అతని కళ్ళ గురించి నాకు తెలిసింది. తెల్ల కాగితం మీద ఒక మాట లేకపోవడమే వర్ణన.

కానీ ఆ చివరి రోజు పొద్దున కార్డులో లేదు. ఆడాలా వద్దా అన్న ప్రశ్నకి పాచిక లేదు.

ఈ విషయం మీద ఒక నవల ఉంది. రాబర్ట్ కూవర్ 1968లో రాసిన ‘ది యూనివర్సల్ బేస్‌బాల్ అసోసియేషన్’. హెన్రీ వా అనే ఒంటరి అకౌంటెంట్ రాత్రుళ్ళు వంటగది బల్ల దగ్గర తను సృష్టించిన లీగ్‌ని పాచికలతో ఆడిస్తుంటాడు. ఆటగాళ్ళూ వాళ్ళ తండ్రులూ, వాళ్ళమీద పాటలూ అన్నీ కల్పితాలే. డేమన్ రూథర్‌ఫర్డ్ అనే కుర్ర పిచర్ ఒక మచ్చలేని ఆట ఆడతాడు. కొద్దిరోజులకే పాచికలు వరసగా ఒకట్లు పడి, తలకి బంతి తగిలి చచ్చిపోతాడు. హెన్రీ కుప్పకూలిపోతాడు. తర్వాత ఆ బంతి వేసిన జాక్ కేసీని చంపడానికి, మొదటిసారి, తన చేత్తో పాచికల్ని మూడు ఆర్లకి తిప్పి పెడతాడు.

ఈ నవల మీద రాసేవాళ్ళు అందరూ ఆ పాచికలు తిప్పిన క్షణం దగ్గరే ఆగుతారు. దేవుడు అడ్డుపడిన క్షణం అది, పైగా హెన్రీ పేరులోని అక్షరాల్లోనే యెహోవా దాక్కుని ఉన్నాడు. చివరి అధ్యాయంలో హెన్రీ కనపడడు, ఆటగాళ్ళు మాత్రం ఆ చావుని ఒక కర్మకాండలాగా తిరిగి ఆడుతుంటారు. గొప్ప ఊహే కానీ, నాకది కాస్త ఎక్కువ తెలివిగా రాసినట్టనిపిస్తుంది. నా పేచీ వేరే చోట. మన శకుని కథలో మోసమంతా పాచికల్లో ఉంది. హెన్రీ పాచికలు మాత్రం, కేసీ దాకా, నిజాయితీవే. అయితే ‘అసాధారణ సంఘటనల పట్టిక’ ఎవరు రాశారు? అందులో చావు అన్న వరస పెట్టింది ఎవరు? తప్పు ఉంటే అది పట్టిక గీసిన రాత్రే జరిగింది. చాలా ఏళ్ళ తర్వాత పాచిక దాన్ని చదివి వినిపించింది, అంతే. కోడ్ రాసేవాడిగా ఈ సంగతి నాకు కొత్త కాదు. అయినా నా షీట్ దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను.

విలియమ్స్ తర్వాత నేను చేద్దామనుకున్నది జాష్ గిబ్సన్ కార్డు. నీగ్రో లీగ్స్‌లో హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టు క్యాచర్. హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతని ఫలకం మీద దాదాపు 800 హోమ్ రన్లు అని ఉంటుంది. ఆధారం దొరికిన లీగ్ ఆటల్లో అవి 200 లోపే. మిగతావి ఊళ్ళు తిరిగి ఆడిన ఆటలు, స్కోరు ఎవరూ దాచనివి. 2024 మే నెలలో మేజర్ లీగ్ బేస్‌బాల్ నీగ్రో లీగ్స్ గణాంకాల్ని తన రికార్డుల్లో కలుపుకుంది. గిబ్సన్ జీవితకాల సగటు .372 అందరికన్నా పైకి వచ్చి, టై కాబ్ .367ని దాటింది. 1943 సీజన్‌లో .466.

నా ఎక్సెల్ షీట్‌లో ‘లీగ్ స్థాయి’ అని ఒక కాలమ్ ఉంది. పోటీ బలంగా ఉంటే 1.00, లేకపోతే తక్కువ. విలియమ్స్‌కి 1.00. బేబ్ రూత్ 1921కి 1.00. గిబ్సన్‌కి 0.88 వేశాను. ఎక్కడిది ఆ 0.88? ఎక్కడో ఏదో చదివిన గుర్తు, మిగతాది నా చెయ్యి. .466ని 0.88తో గుణిస్తే .410. విలియమ్స్ .406 పక్కన ఎంత పొందికగా కూర్చుందో! ఫలితం నచ్చేదాకా సంఖ్యని జరిపానన్నమాట. పాచికల్ని మూడు ఆర్లకి తిప్పడానికీ దీనికీ తేడా ఒక్కటే: హెన్రీకి తను చేస్తున్నది తెలుసు.

రూత్, విలియమ్స్ (1941లో) ఒక్క నల్లజాతి పిచర్‌ని కూడా లీగ్ ఆటలో ఎదుర్కోలేదు. ఎదుర్కోనివ్వలేదు. దానికి నేను ఎవరి దగ్గరా ఏమీ తగ్గించలేదు. 1947లో తలుపు తెరిచాక ఏమైందో లెక్క ఉంది: 1949 నుంచి 1959 దాకా పదకొండేళ్ళలో నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి బహుమతి తొమ్మిదిసార్లు నీగ్రో లీగ్స్‌లో ఆడి వచ్చినవాళ్ళకే వెళ్ళింది. రాబిన్సన్, కాంపనెల్లా మూడుసార్లు, మేస్, న్యూకోంబ్, ఆరన్, బ్యాంక్స్ రెండుసార్లు. బలహీనమైన లీగ్ నుంచి వచ్చే వరస కాదిది.

అలాగని .466ని ఉన్నదున్నట్టు అచ్చేస్తే అదీ నిజాయితీ కాదు. లెక్కలోకి వచ్చిన ఆటలు తక్కువ, తక్కువ ఆటల్లో అంకెలు ఎగిరిపడతాయి. కాబట్టి అతని ముందు వెనక సీజన్ల సగటు వైపు కొంచెం లాగాను. అదే కొలతతో విలియమ్స్‌నీ లాగాను. అతని ఆటలు ఎక్కువ కనక పెద్దగా కదల్లేదు. ‘లీగ్ స్థాయి’ కాలమ్‌ని షీట్‌లోంచి తీసేశాను. తీసేస్తే 19వ శతాబ్దపు కార్డులు కొన్ని పాడయ్యాయి. వాటి సంగతి తర్వాత చూడాలి.

అయినా నాకు తృప్తి లేదు. 1943 మొదట్లో గిబ్సన్ ఆసుపత్రిలో ఉన్నాడని, మెదడులో కణితి అని అతని జీవితచరిత్రలు చెప్తాయి. ఆ ఏడాదే .466. 1947 జనవరి 20న చనిపోయాడు, ముప్పై అయిదేళ్ళకి, జాకీ రాబిన్సన్ మైదానంలోకి దిగడానికి మూడు నెలల ముందు. ఇవేవీ 108లోకి రావు. విలియమ్స్ మాత్రం 1966లో హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీద, తన సన్మాన ప్రసంగంలో, సాచెల్ పేజ్, జాష్ గిబ్సన్‌ల పేర్లు చెప్పి వాళ్ళకీ ఇక్కడ చోటు రావాలన్నాడు. గిబ్సన్‌కి వచ్చింది, 1972లో. నా రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడు ఆ ప్రసంగమే గుర్తొస్తుంది.

పోయిన శనివారం రాత్రి, పిల్లలు పడుకున్నాక, గిబ్సన్ కార్డు ప్రింట్ తీశాను. ఎదురుగా పిచర్ 1968 బాబ్ గిబ్సన్. అతని ఈఆర్‌ఏ 1.12, ఆ మరుసటి ఏడాది పిచర్ నిలబడే మట్టిదిబ్బ ఎత్తు పదిహేను అంగుళాల నుంచి పదికి తగ్గించేశారు. ఇద్దరికీ ఇంటిపేరు ఒకటే, చుట్టరికం లేదు. కార్డు నీట్‌గా కత్తిరించి, పాచికలు వేశాను. మొదటి పాచిక 5. అంటే పిచర్ కార్డు. జాష్ కార్డు వైపు చూసే పని కూడా పడలేదు. స్ట్రైకౌట్.